నెలాఖరు బిల్లు చెప్పనిది అరగంట రీడింగు చెబుతుంది

స్మార్ట్ మీటరు తనంతట తాను ఒక్క యూనిట్ కూడా ఆదా చేయదు. వాడకం సంగతిని వాడుతుండగానే తెలియజేయడం వరకే దాని పని. అయితే ఇంటి కరెంటు ఖర్చు తగ్గడానికి ఆ తెలియడమే కీలకమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 వరకు యూనిట్‌కు 6 రూపాయలు పడితే, 226వ యూనిట్ నుంచి 8.75 రూపాయలు పడుతుంది. ఆ గీత దాటామని బిల్లు చేతికొచ్చాక తెలిస్తే చేయగలిగిందేమీ మిగలదు. ఇరవయ్యో తేదీకే దగ్గరపడ్డామని తెలిస్తే మిగిలిన రోజుల్లో జాగ్రత్తపడవచ్చు.

మా అక్కయ్య వాళ్లింట్లో స్మార్ట్ మీటరు బిగించాక, అందరూ పనులకు వెళ్లి ఇల్లు తాళం వేసి ఉండే వేళల్లో కూడా వాడకం 120 వాట్లకు తగ్గడం లేదని యాప్‌లోని అరగంట రీడింగుల్లో కనిపించింది. రోజంతా అదే తీరున సాగితే నెలకు సుమారు 86 యూనిట్లు, అదీ ఎవరూ స్విచ్ వేయకుండానే. ఫ్రిజ్ ఎలాగూ నడవాలి కనుక దాన్ని పక్కనబెట్టి ఒక్కొక్కటే ఆపి చూస్తే, రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉండే సెట్‌టాప్ బాక్సు, ఎంతకీ ఫుల్ చార్జి కాక కరెంటు లాగుతూనే ఉన్న ఇన్వర్టర్ పాత బ్యాటరీ బయటపడ్డాయి. ఆ రెండింటినీ సరిచేశాక 50 వాట్లు తగ్గాయి, అంటే నెలకు 36 యూనిట్లు; పై శ్లాబులో ఉన్న ఇంటికి దాని విలువ 315 రూపాయలు. గీజరు లాంటి పెద్ద వాడకాన్ని ఎవరైనా ఊహిస్తారు గానీ, ఇలా చడీచప్పుడు లేకుండా సాగే వాడకాన్ని నెలవారీ బిల్లు ఏనాటికీ పట్టివ్వదు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు సారా డార్బీ అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను 2006లో సమీక్షించి, వాడకం అప్పటికప్పుడు కళ్లెదుట కనిపించే ఇళ్లలో ఆదా 5 నుంచి 15 శాతం వరకు ఉందని, బిల్లుల ద్వారా తెలిసే చోట అది 0 నుంచి 10 శాతమేనని తేల్చారు. బ్రిటన్‌లో మీటరుతో పాటు ఇంట్లో పెట్టుకునే చిన్న తెరను ఉచితంగా ఇస్తున్నది అందుకే. మన దగ్గర ఆ సమాచారం కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి ఫోన్‌లోని యాప్‌కే పరిమితమైతే, ఇంట్లో మోటారు, గీజరు, వాషింగ్ మెషిన్ వేసే మనిషికి అది అందదు. ఆ వివరాలు తెలుగులో, ఇంట్లో అందరికీ కనిపించేలా ఉండాలన్నది నా అభిప్రాయం.

కేంద్రం 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సౌర విద్యుత్ వేళల్లో, అంటే ఎండ ఉండే పగటి వేళల్లో, ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా ఉండాలంటున్నాయి. ఆ ధరలు అమలయ్యే చోట ట్యాంకు నింపే పని సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి మారిస్తే, అదే వాడకానికి తక్కువ బిల్లు వస్తుంది.

స్మార్ట్ మీటరు ఇంకా రాని వారు కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు మీద యూనిట్‌కు 3200 ఇంపల్స్ (అంటే ఒక్క యూనిట్‌కు ఎర్ర లైటు 3200 సార్లు మిణుకుమంటుంది) అని రాసి ఉంటే, అన్నీ ఆపేశామనుకున్న వేళ నిమిషంలో ఎర్ర లైటు ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టండి. ఎనిమిది సార్లయితే, ఇంట్లో ఏదో ఒక మూల 150 వాట్లు ఖర్చవుతున్నట్లు.