తోమా కొండ మీద త్రిత్వం మాట

ఒంగోలులో పినాకిని ఎక్కి కూర్చున్నామో లేదో మా అన్నయ్య మొదలుపెట్టాడు. "మూడు పేర్లతో ఇచ్చిన బాప్తిస్మం చెల్లదురా. అపొస్తలుల కార్యములు మొత్తం వెతుకు, పేతురు గానీ పౌలు గానీ ఒక్కరికైనా తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చారేమో చూపించు." అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. మేమంతా త్రిత్వం నమ్మేవాళ్లం, అంటే ఒకే దేవుడిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురున్నారని. తనేమో కొన్నేళ్ల కిందట 'యేసు నామం' సంఘంలోకి వెళ్లి, మళ్లీ నీళ్లలోకి దిగి వచ్చాడు. వాళ్లది ఏకత్వం: ముగ్గురు లేరు, దేవుడు యేసు ఒక్కడే, తండ్రీ ఆయనే అంటారు. అప్పటినుంచి క్రిస్మస్‌కి అందరం ఒకచోట చేరినా ఇంట్లో టెన్షనే. పెరంబూరులో ఉండే పిన్నికి మోకాలి ఆపరేషన్ అయింది, ఆమెను చూడటానికి ఇద్దరం కలిసి బయల్దేరాం. చెన్నై దాకా వెళ్తున్నాం కదా, యేసు శిష్యుడు తోమా పేరున్న కొండ, తోమా కొండ కూడా చూసి వద్దామని అడిగింది నేనే.

అన్నయ్య మాట మా వైపు వాళ్లకి ఎందుకంత గుచ్చుకుంటుందో చెప్పాలి. 1878 జూలై 3న, కరువు రోజుల్లో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో క్లౌ దొరగారి బాప్టిస్టు మిషన్ వాళ్లు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దేశీ బోధకులే ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడి ఇచ్చారు. మా ముత్తాతల కాలం వాళ్లు ఆ ఏట్లోనే మునిగారు. వాళ్లకి ఇచ్చింది తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలోనే. ఊరి బయట బతికిన మనుషులు, తిండికి లేక అల్లాడిన మనుషులు, ఆ పూట దేవుడి బిడ్డలమని తలెత్తుకున్నారు. అది చెల్లదని ఎవరైనా నా ముందు అంటే సిద్ధాంతం సంగతి తర్వాత, ముందు కడుపు మండుతుంది.

అయినా అన్నయ్య అడిగే దాంట్లో పస లేదని నేనెప్పుడూ అనలేదు. కార్యములు 2:38, 8:16, 10:48, 19:5, ఎక్కడ చూసినా యేసు నామంలోనే అని ఉంటుంది. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇమ్మని యేసు చెప్పిన మత్తయి 28:19 నేను చూపిస్తాను, "ఆ నామం ఏంటి మరి, యేసే కదా" అంటాడు. ఈ వాదన మన పల్లెల్లో పుట్టింది కాదు. 1913లో కాలిఫోర్నియాలోని ఒక పెంతెకొస్తు క్యాంపు కూటంలో రాజుకుని, 1916కల్లా అమెరికా అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ వాళ్లను రెండుగా చీల్చింది. నూరేళ్లు దాటాక మా పెద్దమ్మ గారి వరండాలోకి కూడా వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే పెరంబూరులో లోకల్ ఎక్కి సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో తాంబరం బండి పట్టుకున్నాం. దిగాల్సింది సెయింట్ థామస్ మౌంట్‌లో, అక్కడివాళ్లు పరంగిమలై అంటారు. కొండ పెద్దదేం కాదు, మూడొందల అడుగులుంటుంది. మెట్ల పొడుగునా సిలువ మార్గం ఘట్టాలు నిలబెట్టి ఉన్నాయి. ఈ మెట్లు వేయించింది పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియా వర్తకుడు, సైదాపేట దగ్గర అడయారు మీద 1726లో మార్మలాంగ్ వంతెన కట్టించినాయనే. పైకెళ్తే మీనంబాకంలో దిగే విమానాలు కళ్లకు ఎదురుగా కనిపిస్తాయి.

పైన ఉన్న గుడి పోర్చుగీసు వాళ్లది, చిన్నదే. లోపల బలిపీఠం పైన గోడలో ఒక రాతి సిలువ ఉంది. 1547లో పునాదులు తవ్వుతుంటే బయటపడింది. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా దీనికి రక్తం చెమర్చిందని చెబుతారు, జనం ఎక్కువగా అందుకే వస్తారు. నేను మాత్రం దాని చెక్కడం చూసి కదల్లేకపోయాను. సిలువ మీద మనిషి బొమ్మ లేదు. నాలుగు కొసలూ మొగ్గల్లా విచ్చుకుని ఉన్నాయి, అడుగున తామర రేకులు. పైనుంచి ఒక పావురం ముక్కు కిందికి పెట్టి వాలుతున్నట్టుంది. చుట్టూ తోరణంలా వంపు తిరిగిన అంచు, ఆ అంచు మీద వరసగా ఏవో గీతల్లాంటి అక్షరాలు. అవి పహ్లవీ అక్షరాలు, అంటే పాత పారశీకుల లిపి. ఏడు నుంచి తొమ్మిదో శతాబ్దం లోపు చెక్కి ఉంటారంటారు.

ఈ అక్షరాల కథ తెలిశాకే నాకు ఇక్కడికి రావాలనిపించింది. పోర్చుగీసు కాలంలో ఒక పండితుడిని పిలిచి చదివిస్తే, దేవుడు కన్య గర్భాన పుట్టడం దగ్గర్నుంచి పెద్ద కథే చెప్పాడట. 1873లో బర్నెల్ అనే ఇంగ్లీషు పండితుడు చదివి, నిజమైన క్రీస్తు, పైనున్న దేవుడు, ఎప్పటికీ పవిత్రుడైన మార్గదర్శి అని అర్థం చెప్పాడు. ఏడాది తిరక్కుండా హౌగ్ అనే జర్మన్ పండితుడు వచ్చి మెస్సీయను, మహోన్నతంలోని దేవుణ్ని, పరిశుద్ధాత్మను నమ్మేవాడు అని చదివాడు. అంటే ఇద్దరికీ ఆ రాతిలో ముగ్గురు కనిపించారు. ఆ తర్వాత 1920లలో వింక్‌వర్త్ చదివితే ఆ ముగ్గురూ పోయి, నా ప్రభువా క్రీస్తూ, ఫలానా సిరియావాడి మీద దయ చూపు అనే ఒక మామూలు భక్తుడి వేడుకోలు మిగిలింది. ఆ భక్తుడి పేరు, తండ్రి పేరు కూడా ఉన్నాయి అందులో.

అన్నయ్యకి ఇది చెప్పగానే ముఖం వెలిగింది. "చూశావా, లేని త్రిత్వాన్ని మీవాళ్లు రాళ్లల్లో కూడా చదివేస్తారు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. కానీ ఇంకోటి కూడా చూడమన్నాను. ఆ రాయి చెక్కించుకున్నవాడు తన పేరు చెప్పుకుని దయ చూపమని అడిగింది ఎవరిని? క్రీస్తుని. పైగా ఆ లిపి వాడిన పారశీక క్రైస్తవుల సంఘం, కుమారుడూ దేవుడే అని 325లో చెప్పిన నీసియా విశ్వాస ప్రమాణాన్ని 410లోనే తమ సభలో ఒప్పుకున్న సంఘం. పండితులు తప్పు చదివినంత మాత్రాన చెక్కించినవాడి విశ్వాసం మారిపోదు కదా.

ఇక తోమా సంగతి. ఆయన ఇక్కడికి వచ్చాడా, 72లో ఈ కొండ మీదే చనిపోయాడా అన్నదాని మీద చరిత్రకారులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు, నేను అందులోకి వెళ్లను. కానీ యేసును మొహాన "నా ప్రభువా, నా దేవా" అని పిలిచినవాడు ఈ తోమాయే (యోహాను 20:28). గాయాల్లో వేలు పెడితే గానీ నమ్మనన్న మనిషి అంత మాట అన్నాడు, యేసు దాన్ని సరిదిద్దలేదు. త్రిత్వం మీద వాదించే ఏ పక్షమూ ఈ వచనాన్ని దాటి పోలేదు. అయితే అదే అధ్యాయంలో, పదకొండు వచనాల ముందు, అదే యేసు మగ్దలేనే మరియతో "నా దేవుడును మీ దేవుడునైన వాని యొద్దకు" ఎక్కిపోతున్నానని చెప్పాడు. నాకు తెలిసిన పాస్టర్లలో చాలామంది ఇరవై ఎనిమిది చదివి పదిహేడు దాటేస్తారు. యేసు సర్వశక్తుడైన దేవుడు కాడనే యెహోవా సాక్షులు పదిహేడు పట్టుకుని ఇరవై ఎనిమిది దగ్గర నీళ్లు నములుతారు. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. రెండూ మోయడానికి సిద్ధపడనివాడు ఈ మాట ఎత్తకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

కొండ మీద చెట్టు కింద గట్టు ఉంటే కూర్చున్నాం. నేను ఎప్పటి ప్రశ్నే అడిగాను. "యేసే తండ్రి అయితే గెత్సేమనేలో 'నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే' అని ఎవరికి ప్రార్థన చేశాడు అన్నయ్యా?" మానవ స్వభావం దైవ స్వభావానికి ప్రార్థించిందని జవాబు. స్వభావం ప్రార్థన చేస్తుందా, మనిషి చేస్తాడా అన్నాను. అప్పుడు తను నీళ్లు, మంచు, ఆవిరి పోలిక తీశాడు: ఒకటే పదార్థం, మూడు రూపాలు. నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే మా త్రిత్వం సంఘంలో సండే స్కూల్ పిల్లలకి చెప్పేది కూడా అచ్చంగా ఇదే! మూడో శతాబ్దంలో సబెల్లియస్ అనే బోధకుడు చెప్పిందీ, సంఘం కాదన్నదీ ఇదే. ఒకే నీరు ఒక్క క్షణంలో మంచుగా ఉండి ఆవిరితో మాట్లాడదు. యొర్దానులో కుమారుడు నీళ్లలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగింది, తండ్రి ఆకాశం నుంచి మాట్లాడాడు, అంతా ఒకేసారి. మన సంఘాల్లో త్రిత్వం పేరు పెట్టుకుని పిల్లలకి ఏకత్వం నేర్పి, వాళ్లు పెద్దయ్యాక ఏకత్వం సంఘంలో చేరితే భ్రష్టుడని వెలి వేస్తున్నాం. అన్నయ్య విషయంలో జరిగింది అదే. నాకు బాధ కలిగేది అక్కడే.

"అసలిదంతా కాన్‌స్టంటైన్ రాజు పెట్టించిన సిద్ధాంతం" అన్నాడు దిగేటప్పుడు. ఈ మాట యూట్యూబ్ పుణ్యమా అని ఇప్పుడు ప్రతివాడూ అంటున్నాడు, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాను. 325లో నీసియాలో సభ పిలిచింది రాజే. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్ద, కుమారుడు సృష్టించబడినవాడు, ఆయన లేని కాలం ఒకటుంది అని బోధించడంతో రేగిన గొడవ అది. సభ అరియస్‌ని కాదంది. కానీ అదే కాన్‌స్టంటైన్ తర్వాత అరియస్ పక్షం వైపు మెత్తబడ్డాడు, 337లో చావు మంచం మీద బాప్తిస్మం తీసుకున్నది కూడా ఆ పక్షానికి దగ్గరైన నికొమీదియ బిషప్ యూసేబియస్ చేతనే. అతని కొడుకు కాన్‌స్టాంటియస్ అయితే నీసియా వాళ్లను వేధించాడు. నీసియా కోసం నిలబడ్డ అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఐదుసార్లు దేశం విడిచి పోవాల్సి వచ్చింది. రాజు బలంతోనే గెలిచేదైతే అరియస్ మాటే గెలవాలి. పైగా నీసియా ప్రమాణంలో పరిశుద్ధాత్మ గురించి ఉన్నది ఒక్క ముక్క, మిగతాది 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలో వచ్చింది. దీనికంతటికీ రెండొందల ఏళ్ల ముందే, 112 ప్రాంతంలో, ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తికి ఉత్తరం రాస్తూ ఈ క్రైస్తవులు తెల్లవారకముందే చేరి క్రీస్తుకు దేవుడికి పాడినట్టు పాటలు పాడతారని చెప్పాడు. పాట ముందొచ్చింది, ప్రమాణం తర్వాత వచ్చింది. అన్నయ్య ఏమీ అనలేదు, ప్లినీ పేరు మాత్రం ఫోన్‌లో రాసుకున్నాడు.

సాంథోమ్ బసిలికాలో ఎక్కువసేపు లేం. తెల్లగా ఆకాశానికి లేచిన గోపురం, కింద తోమా సమాధి గది, మోకాళ్ల మీద జనం. 1986లో పోప్ రెండో జాన్ పాల్ ఇక్కడికి వచ్చాడు. పక్కన ఎవరో తెలుగు కుటుంబం, నెల్లూరు యాసలో, పిల్లాడి చదువు కోసం మొక్కుకుంటున్నారు.

నేను చూడాలనుకున్న ఇంకో చోటు పురసవాక్కంలో ఉంది, పిన్ని ఇంటికి వెళ్లే దారిలోనే. ఆటోవాడికి చెప్పడం కష్టమైంది, ఎందుకంటే ఇది పెద్ద పేరున్న గుడి కాదు. 1795లో విలియం రాబర్ట్స్ అనే తమిళుడు మొదలుపెట్టిన యూనిటేరియన్ సంఘం, అంటే త్రిత్వాన్ని కాదనే సంఘం. ఆయన అసలు పేరు తిరువేంకటం. నౌకరుగా ఇంగ్లండు వెళ్లి, అక్కడ ప్రీస్ట్‌లీ, లిండ్సే లాంటి వాళ్ల పుస్తకాలు చదివి, దేవుడు ఒక్కడే, ఆయన తండ్రి, యేసు ఆయన పంపిన మనిషి అని నిశ్చయించుకుని మద్రాసు తిరిగొచ్చాడు. మొదలుపెట్టినప్పుడు ఏ మిషనూ పంపలేదు, ఏ దొరా జీతమివ్వలేదు. రామ్మోహన్ రాయ్ 1820లో యేసు నీతిబోధలు అచ్చువేసి సీరాంపూర్ మిషనరీ మార్ష్‌మన్‌తో కలహానికి దిగడానికి పాతికేళ్ల ముందు సంగతి ఇది.

మేం వెళ్లేసరికి తలుపులు వేసి ఉన్నాయి, ఆదివారం రమ్మన్నారు పక్కింటివాళ్లు. అన్నయ్య గేటు దగ్గర నిలబడి "యేసు దేవుడు కాదన్నాడా ఇతను?" అని రెండుసార్లు అడిగాడు. గొంతులో నిజమైన బాధ ఉంది. తనకు యేసే సర్వస్వం, యేసు తప్ప వేరే దేవుడే లేడు. రాబర్ట్స్‌కి యేసు దేవుడే కాడు. కానీ ఇద్దరూ కాపాడాలనుకున్నది ఒకటే, "మన దేవుడైన యెహోవా అద్వితీయుడు" అన్న మాటని. నేను రాబర్ట్స్‌తో ఏకీభవించను, తోమా అన్న మాట నాకు అడ్డం వస్తుంది. అయినా ఒక నౌకరు తన బుద్ధితో చదువుకుని, ఒంటరిగా, తన భాషలో ప్రార్థనలు రాసుకుని నిలబడటం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. అన్నయ్య కాసేపాగి, "నౌకరా? సొంతంగా చదివాడా?" అన్నాడు. ఆ తర్వాత ఆటోలో, నేను అడక్కుండానే, "గుండ్లకమ్మ వాళ్ల మాట ఇంక ఎత్తనులే. వాళ్లకి అందింది వాళ్లు నమ్మారు. నీతో మాత్రం వదలను" అన్నాడు.

రాత్రి భోజనాలయ్యాక పిన్ని కాలు స్టూలు మీద పెట్టుకుని వాక్యం చదవమంది. నేను కావాలనే యోహాను 17 తీశాను. ఐదో వచనం, "తండ్రీ, లోకము పుట్టకమునుపు నీయొద్ద నాకు ఏ మహిమ యుండెనో" దగ్గర ఆగి అన్నయ్య వైపు చూశాను. లోకం పుట్టకముందు తండ్రి దగ్గర ఉన్నవాడెవరు? ఆ మహిమ దేవుడి సంకల్పంలో ఉన్న మహిమ, రాబోయే కుమారుడి కోసం దాచినది అన్నాడు. నాకా జవాబు చాలలేదు. మరి మూడో వచనంలో తండ్రినే "అద్వితీయ సత్యదేవుడవైన నిన్ను" అన్నాడే యేసు, దానికి నువ్వేం చెప్తావు అని తను అడిగాడు. నేను చెప్పింది తనకి చాలలేదు. "ఒరే నాయనా, ఇరవై ఆరు వచనాలున్నాయి, ఐదు దగ్గరే పడుకుంటారా ఏంటి, పూర్తిగా చదవండి" అని పిన్ని కసిరింది. మిగతాది అన్నయ్య చదివాడు.