తక్కువ బడ్జెట్‌లో ల్యాప్‌టాప్ కొనాలా, ట్యాబ్ కొనాలా?

చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మేలా, ట్యాబ్ మేలా అని బంధుమిత్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. మనసులో ఒక మంచి ల్యాప్‌టాప్‌నూ ఒక మంచి ట్యాబ్‌నూ ఊహించుకొని పోల్చడం వల్లనే ఈ ప్రశ్న చిక్కుపడుతుందని నా అభిప్రాయం. పోల్చవలసింది మన డబ్బుకు నిజంగా చేతికి వచ్చే రెండు వస్తువులను. చవకైన ట్యాబ్ చాలావరకు ట్యాబ్ పనులన్నీ చేస్తుంది. అదే ధరకు వచ్చే కొత్త ల్యాప్‌టాప్ మాత్రం తరచుగా పేరుకే ల్యాప్‌టాప్‌గా మిగులుతుంది.

దీనికి కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. విండోస్ 11 నడవడానికి కనీసం 4 జీబీ ర్యామ్ (నడుస్తున్న పనులను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ), 64 జీబీ స్టోరేజీ ఉండాలని మైక్రోసాఫ్ట్ నిర్ణయించింది. అతి చవక ల్యాప్‌టాప్‌లలో చాలా వాటిని ఆ కనీస హద్దు దగ్గరే తయారు చేస్తారు. విండోస్, దాని అప్‌డేట్లు పోగా ఆ 64 జీబీలో సొంత ఫైళ్లకు మిగిలే చోటు కొద్దిపాటిదే. పైగా ఆ స్టోరేజీ వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ రకం కాకుండా, మదర్‌బోర్డుకు (ప్రధాన సర్క్యూట్ పలకకు) అతికించి ఉండే నెమ్మదైన ఈఎంఎంసీ రకం అయితే తరువాత మార్చుకోవడం కూడా కుదరదు. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు, పక్కన ఒక డాక్యుమెంటు, వెనుక ఒక వీడియో కాల్ నడిచేసరికి 4 జీబీ ర్యామ్ నిండిపోయి, మిగతా భారమంతా ఆ నెమ్మది స్టోరేజీ మీద పడుతుంది. యంత్రం అడుగడుగునా ఆగేది అప్పుడే. ట్యాబ్‌లో కూడా ఇదే ఈఎంఎంసీ, ఇంతే ర్యామ్ ఉండవచ్చు. కానీ ట్యాబ్‌లను నడిపే ఆండ్రాయిడ్, ఐప్యాడ్‌ఓఎస్‌లు తెర మీద లేని యాప్‌లను చాలావరకు నిద్రపుచ్చి, అవసరమైతే పూర్తిగా తీసివేస్తాయి గనుక ఒకసారికి ఒక పని చేసుకునేవారికి ఆ కొరత అంతగా కనిపించదు.

అయితే, ఒకసారికి ఒక పనితో సరిపోతుందా అన్నదే అసలు విషయం. గత కొన్ని నెలల్లో మీరు చేసిన పనులను గుర్తు తెచ్చుకొని, వాటిలో ఎన్ని చివరకు ఒక ఫైలుగా మారి మరొకరి దగ్గరకు వెళ్లవలసి వచ్చాయో చూడమని నేను అడుగుతాను. తెర మీద ఒక విండోలో చదువుతూ మరొక విండోలో రాసే సుదీర్ఘ వ్యాసాలు, పెద్ద స్ప్రెడ్‌షీట్లు, ప్రోగ్రామింగ్, నిర్దిష్టమైన కొలతలతో ఫైళ్లు కోరే దరఖాస్తులు ల్యాప్‌టాప్ పనులు. ఎక్సెల్‌లో మాక్రోలు (పనులను వాటంతటవే జరిపించే చిన్న ప్రోగ్రాములు) వాడే కార్యాలయం నుంచి ఫైలు వస్తే, ట్యాబ్‌లోని ఎక్సెల్ యాప్ ఆ ఫైలును తెరుస్తుంది గాని మాక్రోలను నడపదు. ఆన్‌లైన్ పరీక్షల పర్యవేక్షణకు వాడే సాఫ్ట్‌వేర్లలో కొన్ని విండోస్, మ్యాక్‌ల మీద మాత్రమే పనిచేస్తాయి. ఇటువంటి పని మీకు ఒక్కటి తప్పనిసరిగా ఉన్నా, మిగతా సౌకర్యాలు ఎన్ని ఉన్నా ట్యాబ్ సరిపోదు. ఎందుకంటే ఆ ఒక్క పని కోసం ప్రతిసారీ మరొకరి కంప్యూటర్ అడగవలసి వస్తుంది.

చదువుకోవడం, వినడం, చేతితో రాసుకోవడం ప్రధానమైనవారి సంగతి వేరు. పీడీఎఫ్ పుస్తకాన్ని నిలువు తెర మీద పేజీకి పేజీగా చదువుతూ అంచుల్లో రాసుకోవడం ట్యాబ్‌లో ఎంత హాయిగా ఉంటుందో, చవక ల్యాప్‌టాప్‌లో అంత ఇబ్బందిగా ఉంటుంది. గణితం, రసాయన శాస్త్రం చదివే విద్యార్థికి సమీకరణాలను కీబోర్డు మీద కొట్టడం కన్నా చేతితో రాయడమే సహజం. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రబ్బరు మొన ఉన్న మామూలు స్టైలస్‌ను తెర వేలి స్పర్శగానే గుర్తిస్తుంది. రాసేటప్పుడు అరచేయి ఆనినా గీతలు పడతాయి. ఒత్తిడిని గుర్తించే, అరచేతిని పట్టించుకోని రాత కావాలంటే ఆ ట్యాబ్ యాక్టివ్ పెన్నును (లోపల ఎలక్ట్రానిక్ భాగాలుండే పెన్నును) స్వీకరించేదై ఉండాలి. చవక ట్యాబ్‌లలో చాలా వాటికి ఆ సదుపాయం లేదు. తరువాత ఎంత ఖరీదైన పెన్ను కొన్నా అది రాదు. రాత కోసమే కొనేవారు మిగతా వివరాల కన్నా ముందు దీనినే చూడాలి.

ట్యాబ్ మీద ముద్రించిన ధర ఆఖరి ధర కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పెన్ను వేరు, కీబోర్డు వేరు, కవరు వేరు, కొన్నిసార్లు మెమరీ కార్డు కూడా వేరు. మైక్రోసాఫ్ట్ తన వర్డ్, ఎక్సెల్ యాప్‌లలో మామూలు ఎడిటింగ్‌ను 10.1 అంగుళాలకు మించని తెరల మీదే ఉచితంగా ఇస్తూ వచ్చింది. అంతకన్నా పెద్ద ట్యాబ్ తీసుకుంటే చందా లెక్క కూడా చేరుతుంది. ల్యాప్‌టాప్‌లో లిబ్రే ఆఫీస్ వంటి పూర్తి స్థాయి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. ట్యాబ్‌తో పాటు మొదటి రోజే కీబోర్డు కూడా కొనాలని అనిపిస్తే, మీ పని ల్యాప్‌టాప్‌దేనని నేను నిస్సందేహంగా చెబుతాను.

అలాంటివారికి కొత్త చవక ల్యాప్‌టాప్ బదులు, సంస్థలు కొన్నేళ్లు వాడి మార్చేసిన వ్యాపార తరగతి ల్యాప్‌టాప్‌ను సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోమని చెబుతాను. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలీట్‌బుక్ శ్రేణులు ఈ కోవకు చెందినవి. వీటి కీబోర్డులు, తెరను కలిపే హింజ్‌లు రోజంతా వాడకాన్ని తట్టుకునేలా తయారవుతాయి. చాలా మోడళ్లలో వెనుక మూత విప్పి ఎస్‌ఎస్‌డీని, కొన్నింటిలో ర్యామ్‌ను కూడా మార్చుకోవచ్చు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత థింక్‌ప్యాడ్ ముందు 4 జీబీ ర్యామ్, ఈఎంఎంసీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ నిలబడలేదు. కొనేముందు ప్రాసెసర్ తరాన్ని తప్పక చూడాలి: విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14 న ముగిసింది కాబట్టి విండోస్ 11 నడిచేదే కావాలి, దాని అధికారిక జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా 8వ తరం నుంచే ఉన్నాయి. అంతకన్నా పాతది చాలా చవకగా వస్తే, విండోస్‌కు బదులు లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడగలిగినవారు మాత్రమే తీసుకోవడం మంచిది. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తెరిచి, తయారీ నాటి సామర్థ్యంతో ఇప్పటి పూర్తి ఛార్జింగ్ సామర్థ్యాన్ని పోల్చాలి. ఆ తేడాను బట్టి కొత్త బ్యాటరీ ఖర్చును ముందే ధరలో కలుపుకోవాలి. ప్రతి కీని నొక్కి చూడడం, బయోస్‌కు (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాముకు) పాస్‌వర్డ్ లేదని నిర్ధారించుకోవడం అమ్మకందారు ఎదుటే చేయాలి. నమ్మకమైన వారంటీ ఇచ్చే విక్రేత దగ్గర కాస్త ఎక్కువ చెల్లించడం నా దృష్టిలో వృథా ఖర్చు కాదు.

ట్యాబ్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనమని మాత్రం నేను అంత సులువుగా చెప్పలేను. బ్యాటరీ లోపల అతికించి ఉంటుంది, పగిలిన తెర మార్పించే ఖర్చు కొత్త చవక ట్యాబ్ ధరకు దగ్గరగా రావచ్చు, పాత యజమాని తన ఖాతాను తొలగించకపోతే అది తెరుచుకోదు. కొత్తది కొన్నా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని తయారీదారు చెబుతున్నాడో తెలుసుకోవాలి. అందరికీ తెలిసిన ర్యామ్, కెమెరా అంకెల కన్నా ఈ సంఖ్యే ట్యాబ్ ఎంతకాలం పనికివస్తుందో ఎక్కువగా నిర్ణయిస్తుంది. పనంతా బ్రౌజర్‌లోనే జరిగేవారు క్రోమ్‌బుక్‌ను (విండోస్ బదులు గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్‌ను) కూడా పరిశీలించవచ్చు. 2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్ ప్లాట్‌ఫారాలకు 10 ఏళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023 లో ప్రకటించింది.

ఇంట్లో ఒకే పరికరాన్ని నలుగురు పంచుకోవలసి వస్తే ల్యాప్‌టాప్‌లో ఎవరి ఖాతా వారు వేరుగా పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో చాలావరకు ఆ వీలుంది, ఇంట్లో వాడే ఐప్యాడ్‌లో లేదు. ఇక పెద్ద తెర ఉన్న స్మార్ట్‌ఫోన్ ఇప్పటికే ఉన్నవారికి ట్యాబ్ చేసే పనుల్లో ఎక్కువ భాగం ఆ ఫోనులో జరుగుతూనే ఉంటుంది; వారు పుస్తకాల చదువుకో, చేతిరాతకో అయితే తప్ప ఉన్న డబ్బును ల్యాప్‌టాప్ మీదే పెట్టడం మంచిదని నా సలహా.