పండక్కి ఎలక్ట్రిక్ కారులో అత్తారింటికి: చార్జింగ్‌కి ఎంతసేపు పట్టిందంటే

ఎలక్ట్రిక్ కారు కొన్నప్పటి నుంచి కనిపించిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఫుల్ చార్జింగ్‌కి ఎంతసేపు పడుతుందండీ?" ఇన్నాళ్ళూ "రాత్రి పెడితే పొద్దున్నకి అయిపోతుంది" అని చెప్పి తప్పుకునేవాణ్ణి. మొన్న సంక్రాంతికి అదే కారులో భీమవరం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళొచ్చాక ఆ జవాబు నోట్లోంచి రావట్లేదు. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది కాబట్టి, చల్లారకముందే రాసేస్తున్నాను.

హైదరాబాద్‌లో ఏ ఇబ్బందీ లేదు. పార్కింగులో గోడకి 7.2 కిలోవాట్ల చార్జర్ బిగించుకున్నాను. మా బ్యాటరీ దాదాపు 40 యూనిట్లు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నిండిపోతుంది.

హైవే మీద కూడా అనుకున్నంత కష్టం లేదు. పంతంగి టోల్ దగ్గర పండగ ట్రాఫిక్ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే, దానికి డీజిల్ కారైనా ఒకటే, ఎలక్ట్రిక్ కారైనా ఒకటే. సూర్యాపేటలో భోజనానికి ఆగి డీసీ ఫాస్ట్ చార్జర్‌కి తగిలించాం. అక్కడ 60 కిలోవాట్లని బోర్డు మీద రాసి ఉంటుంది గానీ స్టాండుకి రెండు గన్నులు, అంటే కారుకి గుచ్చే చార్జింగ్ పిడులు. పక్కన ఇంకో కారు వచ్చి రెండో గన్ను పెట్టుకోగానే మనకి వచ్చేది సగమే. అయినా అన్నం తిని, కాఫీ తాగి, పిల్లలు బాత్రూముకి వెళ్ళొచ్చేసరికి 80 శాతం దాటింది. అక్కడే తీసేయాలి. 80 దాటాక బ్యాటరీ పాడవకుండా కారే కరెంటు తగ్గించేసుకుంటుంది, ఆ చివరి ఇరవై శాతం కోసం కూర్చుంటే మళ్ళీ భోజనం వేళవుతుంది. విజయవాడలో ఇంకో కంపెనీ చార్జరు, దానికి ఇంకో యాప్, ఇంకో వాలెట్, ఇంకో ఓటీపీ. ఇప్పుడు నా ఫోన్లో బ్యాంకు యాప్‌ల కంటే చార్జింగ్ యాప్‌లే ఎక్కువ, ప్రతిదాంట్లోనూ ఓ వందో రెండొందలో ఇరుక్కుని ఉన్నాయి.

భోగి ముందురోజు సాయంత్రం ఊరు చేరేసరికి బ్యాటరీ ముప్ఫై శాతం చిల్లర. నాకేం టెన్షన్ లేదు. పండగంతా కారు అరుగు ముందే కదా ఉండేది. కారు అమ్మినప్పుడు షోరూమ్ కుర్రాడు అన్నమాట నాకు అక్షరాలా గుర్తుంది: "సార్, 15 యాంప్స్ ప్లగ్ ఉంటే చాలు, ఏ ఊళ్ళో అయినా ఫోన్‌కి పెట్టుకున్నట్టే." లెక్క కూడా సరిగ్గానే చెప్పాడు. ఆ ప్లగ్గు నుంచి గంటకి మూడు యూనిట్లు వస్తాయి, కాబట్టి ఖాళీ బ్యాటరీ నిండడానికి పద్నాలుగు, పదిహేను గంటలు. చెప్పనిది ఇంకోటుంది.

అరుగు మీద అప్పటికే జనం. ఆకుపచ్చ నంబరు ప్లేటు చూసి పిల్లలు, కరెంటు కారు చూడ్డానికి పెద్దలు. పడగ్గదిలో ఏసీ కోసం పెట్టించిన 15 యాంప్స్ సాకెట్ ఉంది. కిటికీలోంచి కేబుల్ బయటికి తీసి, కారు మూత తెరిచి, గన్ను పెట్టాను. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కేబుల్ మధ్యలో ఉండే డబ్బా మీద ఓ నీలం లైటు వెలిగింది, అంతలోనే ఎర్ర లైటు టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. తీసి మళ్ళీ పెట్టాను. ఎర్రదే. వంటింట్లో సాకెట్‌కి పెట్టాం, ఎర్రదే. పెరట్లో బోరు మోటారు ప్లగ్గు దగ్గరికి కారు తోలుకెళ్ళి పెట్టాం, అక్కడా ఎర్రదే.

పక్కింటి పెద్దాయన చుట్ట తీసి నవ్వాడు. "ఏం అల్లుడూ, బండి కూడా పెట్టుపోతలు కావాలని అలిగిందా?" అరుగంతా ఒకటే నవ్వు. మా బావమరిది అయితే అవకాశం కోసమే చూస్తున్నాడు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ "బావా, ఎక్కిందా?", భోజనాల దగ్గర "బావా, ఎక్కిందా?", రాత్రి పడుకోబోతూ "పోనీ నా బండి తాళాలు ఉంచుకో బావా." వాడిది డీజిల్ కారు. దాని మీద వాడు కట్టిన రోడ్ ట్యాక్సు నాకు తెలుసు. తెలంగాణలో 2026 చివరిదాకా ఎలక్ట్రిక్ కార్లకి రోడ్ ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ పూర్తిగా మాఫీ. ఇంట్లో చార్జింగ్ అయితే యూనిట్ పది రూపాయల లోపే, అంటే నాలుగొందల్లో రెండొందల యాభై కిలోమీటర్లు పైనే పోతాను. ఆ మాట అందామనుకున్నాను గానీ ఎర్ర లైటు ముందు నిలబడి లెక్కలు చెబితే ఎవరు వింటారు.

డ్యాష్‌బోర్డు అరలో ఉన్న పుస్తకం తీసి చూస్తే ఆ లైటుకి అర్థం రాసి ఉంది: ఎర్తింగ్ లేదు.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే షోరూముల్లో ఎవరూ చెప్పరు. కారు ఇనప డబ్బా, నిలబడేది రబ్బరు టైర్ల మీద. లోపల ఎక్కడైనా కరెంటు లీకై బాడీకి తగిలితే అది భూమిలోకి పోయే దారి లేదు, తలుపు మీద చెయ్యి వేసిన మనిషిలోంచే పోతుంది. అందుకే చార్జర్ ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకుంటుంది, లేకపోతే మొండికేస్తుంది. ఫ్రిజ్జు, మిక్సీ, టీవీ ఇవేవీ అలా అడగవు. కాబట్టి ఇల్లు కట్టి ఇరవై ఏళ్ళైనా ఎర్త్ లేదన్న సంగతి ఎవరికీ తెలీదు.

ఎలక్ట్రీషియన్ కోసం ఫోన్ చేస్తే భోగి రోజు ఎత్తలేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళంతా పందేల బరుల దగ్గర ఫ్లడ్ లైట్లు కట్టే పనిలో ఉన్నారట. పండగ రోజు పొద్దున్న పూజ కాగానే భీమవరంలో ఫాస్ట్ చార్జర్ ఉందని యాప్‌లో చూసి వెళ్ళాను. యాప్‌లో రెండు గన్నులూ ఖాళీ అని పచ్చగా చూపిస్తోంది. తీరా వెళ్తే ఒకటి పనిచేయట్లేదు, రెండోదాని దగ్గర తెలంగాణ బళ్ళు వరసగా. చార్జింగ్‌లో ఉన్న కారు 91 శాతం దగ్గరుంది, లోపల ఆయన ఏసీ వేసుకుని సీటు వెనక్కి వాల్చి ఫోన్‌లో పందేలు చూస్తున్నాడు. "80 దాటింది కదండీ, వెనక ఇంతమందిమి ఉన్నాం" అంటే, "నూరు దాకా డబ్బులు కట్టేశాను సార్" అన్నాడు. పెట్రోలు బంకులో ఎవడైనా నిండిన ట్యాంకులో చెంచాతో పోయించుకుంటూ అరగంట నిలబడతాడా? ఇలాంటివాళ్ళ వల్లే ఎలక్ట్రిక్ కార్లకి చెడ్డపేరు. పైగా అక్కడ యూనిట్ ఇరవై దాటుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. వెనక్కి తిరిగి వచ్చేశాను. గుమ్మంలోనే బావమరిది ఉన్నాడు, ఏం అడిగాడో రాయక్కర్లేదు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఇక ఎలక్ట్రీషియన్ ఎక్కడ కదులుతాడు. ముక్కనుమ నాడు వచ్చాడు. వచ్చి ఏసీ సాకెట్ విప్పాడు. మూడు రంధ్రాల సాకెట్టే. కింద రెండింటికీ ఎర్ర వైరూ నల్ల వైరూ ఉన్నాయి, పై రంధ్రం వెనక స్క్రూకి వైరే లేదు, సాలెగూడులో బల్లి గుడ్డు పెంకు ఉంది. టెస్ట్ ల్యాంపు ఫేజుకీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కీ (తిరిగి పోయే వైరు) పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకీ ఎర్త్ రంధ్రానికీ పెడితే చీకటి.

"ఇదేముందండీ, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క ఎర్త్‌కి కలిపేస్తే సరిపోద్దండీ, మీ లైటు పచ్చగా వెలుగుద్ది" అన్నాడు. నిజమే, వెలుగుతుంది. చార్జర్‌ని మోసం చెయ్యొచ్చు. కానీ ఎక్కడైనా ఆ న్యూట్రల్ వైరు తెగిందంటే కారు బాడీ మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది. ఆ కారు చుట్టూ ఆడుకునేది మా పిల్లలు. ఒప్పుకోనన్నాను. "అందరిళ్ళలో ఇంతేనండీ" అన్నాడతను. మామయ్య గారి మొహం మాడిపోయింది. అల్లుడు వచ్చి ఇంటికి వంక పెట్టాడన్నట్టయింది వ్యవహారం. మా ఆవిడ వంటింట్లోంచి కళ్ళతోనే ఆపెయ్యమంది. పక్కింటి పెద్దాయన ఇంకోటి అందుకున్నాడు, ఇంటి మీటరు మీద కారుకి చార్జింగ్ పెడితే డిపార్ట్‌మెంటు వాళ్ళు వచ్చి దండగ వేస్తారని. అదేం లేదండీ, ఉన్న కనెక్షన్ మీదే ఇంట్లో కారు చార్జింగ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చిందని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు.

ఆ సమయానికి మామయ్య గారి స్నేహితుడు ఒకాయన వచ్చారు. లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అంతా విని అత్తయ్య గారిని ఒక్కటే అడిగారు. "వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జిల్లుమంటదా చెల్లెమ్మా?" "ఆయ్, అంటదండి. అందుకే చెప్పులేసుకుని వేస్తాను బట్టలు" అన్నారు ఆవిడ, అదేదో మామూలు విషయమన్నట్టు. "మరదే, అల్లుడుగారు చెప్పింది రైటు. గొయ్యి తీయించండి" అన్నారాయన. అదే మాట నేను పొద్దుట్నుంచీ గొంతు చించుకుని చెబుతుంటే చాదస్తం, ఆయన చెబితే శాసనం. సరే, పని అయింది కదా.

పెరట్లో కొబ్బరి చెట్టు పక్కన గొయ్యి తీశారు. డెల్టా నేల, కాస్త లోతుకి వెళ్ళగానే చెమ్మ తగిలింది. రంధ్రాలు కొట్టిన జీఐ (జింకు పూత వేసిన ఇనప) పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్ళ ఉప్పు, మళ్ళీ బొగ్గు, మళ్ళీ ఉప్పు. పైన రెండు బిందెల నీళ్ళు. పైపుకి బోల్టు బిగించి అక్కడి నుంచి మెయిన్ బోర్డుకి ఆకుపచ్చ వైరు లాగారు, బోర్డు నుంచి ఏసీ సాకెట్‌కీ, వాషింగ్ మెషిన్ ప్లగ్గుకీ. సాకెట్ వైరు సన్నగా ఉందని నేను పట్టుబట్టి 4 స్క్వేర్ ఎంఎం వేయించాను. ఏసీ కాసేపు నడిచి ఆగుతుంది, కారు అలా కాదు, రాత్రంతా ఆగకుండా లాగుతుంది. ఎవరింట్లో పెట్టినా అరగంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, కాలితే తీసేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుల జోలికి అసలు పోవద్దు.

టెస్ట్ ల్యాంపు ఈసారి రెండుచోట్లా ఒకేలా వెలిగింది. గన్ను పెట్టాను, పచ్చ లైటు. బావమరిది ఆ టైముకి ఊళ్ళోకి పోయాడు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను, బ్లూ టిక్కులు పడ్డాయి గానీ జవాబు లేదు.

అయితే అక్కడితో అయిపోలేదు. వాళ్ళ మీటరు లోడు, అంటే ఆ కనెక్షన్‌కి మంజూరైన పరిమితి, రెండు కిలోవాట్లే. కారు ఒక్కటే మూడు లాగుతుంటే అత్తయ్య గారు గ్రైండర్ వేశారు, ఇంకెవరో ఏసీ వేశారు, ఇల్లంతా చీకటి. గారెల పిండి సగంలో ఆగింది. దాంతో అందరూ పడుకున్నాకే కారుకి పెట్టాలని తీర్మానం. రాత్రి వోల్టేజీ చూస్తే 180. చుట్టూ రొయ్యల చెరువులు, తెల్లవార్లూ నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, ఇక్కడ ఇంతేనన్నారు లైన్‌మన్ గారు. వోల్టేజీ తగ్గితే కారుకి చేరేదీ తగ్గుతుంది, మూడు యూనిట్ల చోట రెండున్నర. కారు స్క్రీన్ మీద ఇంకా పదకొండు గంటలని చూపించింది. పొద్దున లేచి చూస్తే 92, విజయవాడ దాటి పోవడానికి ధారాళంగా చాలు. తీసేశాను.

కాబట్టి ఎవరైనా ఎంతసేపు పడుతుందని అడిగితే, ఎక్కడ పెడతారని తిరిగి అడుగుతున్నాను. ఊరికి వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందే అక్కడ ఎవరి చేతైనా టెస్ట్ ల్యాంపుతో ఎర్త్ చూపించుకోండి, మీటరు లోడెంతో కనుక్కోండి. మామయ్య గారు లోడు పెంచమని అర్జీ పెడతానన్నారు. వచ్చే పండక్కి బావమరిది కూడా ఎలక్ట్రిక్కే తీసుకుంటాడేమోనని నా అనుమానం, బయల్దేరేముందు గుట్టుగా మైలేజీ గురించి ఏవేవో అడిగాడు.

ఇంటికొచ్చిన మర్నాడు షోరూమ్ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వచ్చింది. పదికి ఎన్ని మార్కులు ఇస్తారని అడిగింది అమ్మాయి. మార్కులు తర్వాత, ముందు మీ సేల్స్ కుర్రాడికి ఎర్తింగ్ అంటే ఏమిటో తెలుసా అని అడిగాను. "ఒక్క నిమిషం సార్, సీనియర్‌ని అడిగి చెప్తాను" అని లైన్లో పాట పెట్టింది.