వోచర్ ఉన్నావిడకి ఇల్లు అద్దెకిచ్చాం

న్యూజెర్సీలో మా పాత ఇల్లు అద్దెకి పెడితే ఇద్దరు పిల్లలున్న ఒకావిడ సెక్షన్ 8 వోచర్ (ఆదాయం తక్కువున్నవాళ్ళకి అద్దెలో కొంత గవర్నమెంట్ కట్టే పథకం) ఉందండీ అని ఫోన్ చేసింది, ఫ్రెండ్స్ అందరూ అమ్మో ఆ గవర్నమెంట్ పేపర్లు నీకెందుకే అన్నారు, కానీ ఇక్కడ వోచర్ ఉందన్న కారణంతో కాదంటే చట్టప్రకారం తప్పు, చట్టం లేకపోయినా నేను కాదనేదాన్ని కాదు.

ముందు 52517 నంబర్ ఫారం, అంటే ఈ ఇంటిని ఒప్పుకోమని వోచర్లు చూసే హౌసింగ్ అథారిటీని అడిగే కాగితం, ఆవిడే తెచ్చింది. అద్దె ఎంత, కరెంటు గ్యాసు ఎవరు కట్టుకోవాలి, ఇల్లు ఏ సంవత్సరం కట్టారు అన్నీ రాయాలి, 1978కి ముందుదైతే సీసం పెయింట్ సంగతి కూడా. వోచర్‌కి గడువుంటుంది కాబట్టి నేను ఆ రాత్రే కూర్చుని నింపేశా.

తర్వాత హౌసింగ్ అథారిటీ వాళ్ళ ఇన్‌స్పెక్షన్. ఒక్క కిటికీ గొళ్ళెం సరిగ్గా పడట్లేదని ఆగిపోయింది, అది బాగుచేయించి వాళ్ళు మళ్ళీ వచ్చేసరికి మూడు వారాలు, అన్నాళ్ళూ ఆవిడ పిల్లల్తో చెల్లెలింట్లో సర్దుకుంది. ముందే చూసుకోవాల్సింది నేను, ఇప్పటికీ బాధే.

హౌసింగ్ అథారిటీతో కాంట్రాక్ట్ అయ్యాక వాళ్ళ వాటా నేరుగా మన బ్యాంకులో పడుతుంది, మిగతాది ఆవిడ ఇస్తుంది. దానిపైన విడిగా ఒక్క డాలర్ కూడా అడక్కూడదు. కొందరు అడుగుతారని విన్నా, దయచేసి అలా చెయ్యకండి.