మైలోమా ఉన్న మా నాయన పరిశోధనకి రక్తం ఇచ్చినప్పుడు

మా నాయనకి మల్టిపుల్ మైలోమా. ఎముక మజ్జలో ఉండే ప్లాస్మా కణాలకి వచ్చే బ్లడ్ క్యాన్సర్ ఇది. పొదలకూరు దగ్గర మా నిమ్మతోటలో పనిచేసీ చేసీ నడుము పట్టేసిందనుకున్నాం, హిమోగ్లోబిన్ పడిపోయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగాక గానీ అసలు సంగతి బయటపడలేదు. ఇప్పుడు రాసేది దాని గురించి కాదు. చికిత్స మొదలయ్యాక నెల్లూరులో ఆస్పత్రివాళ్లు ఒక పరిశోధన కోసం నాయన రక్తం అడిగారు. అలాంటి కాగితం మీ ఇంట్లోవాళ్ల ముందు కూడా పెట్టొచ్చు కాబట్టి, మాకు ఎట్లా జరిగిందో చెప్తాను.

అడిగింది బయోకెమిస్ట్రీ పీజీ చదివే అమ్మాయి. బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ల రక్తంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎంతుందో కొలిచి, జబ్బు లేనివాళ్లతో పోల్చి చూస్తున్నారట. "దీనివల్ల నాకేమొస్తాదమ్మా?" అన్నాడు నాయన. "మీకు నేరుగా ఏమీ రాదండీ, మీరు వద్దన్నా ట్రీట్‌మెంట్‌లో ఏ తేడా ఉండదు" అని దాపరికం లేకుండా చెప్పింది. ఆ మాటకే నాయన ఒప్పేసుకున్నాడు. నేను మాత్రం కాగితం మొత్తం చదివాకే సంతకం పెట్టనిచ్చాను. ఎంత రక్తం తీస్తారు, మిగిలింది ఏం చేస్తారు, పేరు బయటికి వస్తుందా, మధ్యలో మానుకోవచ్చా, పరిశోధనలో పేషెంట్లకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఇవన్నీ అందులో ఉండాలి, అదీ మనకి అర్థమయ్యే భాషలో. సంతకం చేసిన కాగితం కాపీ మనకి ఇవ్వాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెప్తున్నాయి, అడిగి తీసుకోండి.

ఇంతకీ కొలిచేదేంటంటే, ఒంట్లో కణాల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే అణువులు పుడుతూనే ఉంటాయి, వాటిని అణిచే ఎంజైములూ ఉంటాయి, పుట్టేవి ఎక్కువై అణిచేవి చాలకపోతే అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్. ఫ్రీ రాడికల్స్ క్షణం కూడా నిలవవు కాబట్టి అవి చేసిపోయిన నష్టాన్ని కొలుస్తారు. కణాల పొరల్లో కొవ్వు దెబ్బతిన్నప్పుడు మాలోన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థం పుడుతుంది, ల్యాబ్‌లో అందరూ ఎండీఏ అంటారు. ప్లాస్మాలో, అంటే రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవంలో, థయోబార్బిట్యూరిక్ యాసిడ్ కలిపి మరిగే నీళ్లలో పెడితే గులాబీ రంగు వస్తుంది, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో 532 నానోమీటర్ల దగ్గర యంత్రం చదువుతుంది. ఆ అమ్మాయి నాకు ట్యూబులు చూపించింది, ఒకటి దాదాపు నీళ్లలా ఉంటే పక్కది లేత గులాబీ.

నాయన మొదటి శాంపిల్ పనికిరాలేదు. నరం సరిగ్గా దొరక్క లాగి లాగి తీసేసరికి ఎర్రకణాలు పగిలి ప్లాస్మా ఎర్రగా వచ్చింది. ఫ్రీ రాడికల్స్‌ని అణిచే కెటలేజ్, గ్లూటాథయోన్ లాంటివి ఎర్రకణాల్లోనే బోలెడు ఉంటాయి, అవి ప్లాస్మాలో కలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది. అసలే రక్తం తక్కువున్న మనిషికి మళ్లీ సూది గుచ్చుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇక మా చుట్టాల సంగతి. పరీక్షలో ఏదో స్ట్రెస్ చూస్తున్నారని తెలిసి, అది తగ్గుతుందని మేనత్త గ్రీన్ టీ ప్యాకెట్లు తెచ్చింది, బావ విటమిన్ సి బిళ్లలు తెచ్చాడు. ప్రేమతోనే తెచ్చారు. డాక్టర్‌గారికి చూపిస్తే రెండూ వద్దన్నారు. నాయనకి వారానికోసారి పొట్ట చర్మం కింద వేసే ఇంజెక్షన్ బోర్టెజొమిబ్. గ్రీన్ టీలో ఉండే పదార్థం ఆ మందులోని బోరాన్‌ని పట్టేసుకుని మందు పనిచేయకుండా చేస్తుందని 2009లోనే ల్యాబ్‌లో, ఎలుకల్లో చూశారు. ఎక్కువ మోతాదు విటమిన్ సి మీదా అలాంటి అనుమానమే ఉంది. పైగా క్యాన్సర్ కణాల్లో ఇలాంటి స్ట్రెస్ పెంచి వాటిని చంపడం కూడా ఆ మందు చేసే పనిలో భాగమే, దాన్ని మనమే బిళ్లలు మింగి తగ్గించడం ఏం న్యాయం? పప్పులో నిమ్మకాయ పిండుకోవచ్చన్నారు, తోట ఉన్న మనిషికి అంతకన్నా ఏం కావాలి.

ఎండీఏ నంబర్ మాకు ఇవ్వలేదు, ఇవ్వబోమని ముందే చెప్పారు. బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాల్లో తేలిన మాట నిజమే, కానీ షుగర్ ఉన్నా, బీడీ తాగినా పెరుగుతుంది. నాయనకి షుగర్ ఉంది, నిన్నమొన్నటిదాకా బీడీ కూడా ఉంది. అందుకే ఆ ఒక్క నంబర్ చూసి ఎవరూ మందు మార్చరు. డాక్టర్‌గారు చూసేది మైలోమా కణాలు తయారుచేసే ఎమ్ ప్రోటీన్, లైట్ చెయిన్స్ అనే ప్రోటీన్లు, హిమోగ్లోబిన్, క్రియాటినిన్. బయట ల్యాబుల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ప్యాకేజీ అని ఎవరైనా చెప్తే, డబ్బు కట్టేముందు రక్త జబ్బులు చూసే మీ హెమటాలజిస్ట్‌ని ఒక్క మాట అడగండి.

ఫారం నింపేటప్పుడు ఆ అమ్మాయి వాడే మందులు, ఐరన్ బిళ్లలు, అలవాట్లు అన్నీ ఓపిగ్గా అడిగింది. చివర్లో "ఇంకేమైనా ఇబ్బంది ఉందా పెద్దాయనా?" అంటే, అరికాళ్లు మంటలు, రాత్రిళ్లు తిమ్మిర్లు అని నాయన చెప్పాడు. మాకు ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు! బోర్టెజొమిబ్ వల్ల నరాలు దెబ్బతినొచ్చని మాకు ముందే చెప్పి ఉన్నారు. అదే రోజు డాక్టర్‌గారికి చెప్పాం, డోసు తగ్గించారు.