నాన్న క్రాప్ హాలిడే

దసరాకి ఊరెళ్ళానా, ఇంకా బ్యాగు కింద పెట్టనే లేదు, అమ్మ గుమ్మంలోనే మొదలెట్టేసింది. "మీ నాన్నకి బద్ధకం బాగా ముదిరిపోయిందిరా, పొద్దున్న కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ భోజనానికే లేస్తున్నారు, నువ్వైనా చెప్పు" అని. నాన్న అక్కడే ఉన్నారు, అన్నీ వింటున్నారు, కానీ ఏమీ అనలేదు. నాకు భయం వేసింది అందుకే. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు పైన లెక్కలు చెప్పిన మనిషి, తనని ఎవరైనా బద్ధకస్తుడు అంటే ఆ రోజు ఇంట్లో పెద్ద రామాయణం అయ్యేది ఒకప్పుడు.

నాన్నకి పార్కిన్సన్స్ అని తెలిసి నాలుగేళ్ళయింది. చెయ్యి వణకడం, అడుగులు చిన్నవైపోవడం, సంతకం చీమల బారులా అయిపోవడం ఇవన్నీ మాకు అలవాటైపోయాయి, సిండోపా (మెదడులో తగ్గిపోయిన డోపమిన్ అనే రసాయనం లోటు పూడ్చే మాత్ర) టైముకి పడితే కాస్త అదుపులోనే ఉంటాయి. కానీ ఈ "ఎందుకులే, అక్కర్లేదు" అనేది కూడా జబ్బులో భాగమే అని మా బుర్రకి తట్టలేదు. డిప్రెషనేమో అనుకున్నా నేను. అడిగితే "దిగులేం లేదురా, బానే ఉన్నా కదా" అంటారు, చూస్తే నిజంగానే బానే ఉంటారు, మనవరాలు వీడియో కాల్ చేస్తే నవ్వుతారు, పనసపొట్టు కూర వండితే రెండోసారి వేయించుకుని మరీ తింటారు. తెచ్చి ముందు పెడితే ఇష్టమే. తను లేచి వెళ్ళడమే లేదు.

న్యూరాలజిస్టు దగ్గర ఇదే చెప్తే ఆయన దీన్ని అపతీ అంటారండి, ఏదైనా చెయ్యాలనే ఆసక్తే పుట్టకపోవడం, డిప్రెషన్ లేకుండా కూడా వస్తుంది అన్నారు. తర్వాత నేను కూర్చుని చదువుకుంటే తెలిసింది, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో నూటికి 40 మంది దాకా ఇది కనిపిస్తుందట. ఇన్నాళ్ళూ మేము ఆయన్ని తిట్టిపోసింది దీనికా అని చాలా బాధేసింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో నాది రాత్రి పదకొండు దాకా కాల్స్ ఉండే ఉద్యోగం, శనివారం వచ్చిందంటే నేనూ సోఫాలో శవంలా పడి ఉంటా, జిమ్ముకి కట్టిన డబ్బులు అలాగే పోయాయి. అందుకని మొదట్లో నాన్నదీ నాదీ ఒకటే అనుకున్నా, బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటుంది మరి, ఇద్దరు మనుషులు, రెండు కుర్చీలు, ఇద్దరూ కదలరు. కానీ నాకు వెళ్ళాలనే ఉంటుంది, ఓపిక ఉండదు. నాన్నకి కొన్ని పూటలు ఓపిక ఉంటుంది, వెళ్ళాలని ఉండదు.

మా కోనసీమ వాళ్ళకైతే ఇది ఒక్క ముక్కలో చెప్పొచ్చు. 2011లో మా వైపు రైతులు ఖరీఫ్ వెయ్యకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు గుర్తుందా, పచ్చగా ఉండాల్సిన చేలన్నీ గడ్డి పట్టిపోయాయి. మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర ఆ ఏడాది క్వింటాకి 1,080 రూపాయలు, కూలీ రేట్లు ఎరువుల రేట్లు చూస్తే పైపైకి. ఎటు చూసినా గిట్టుబాటు కాదు. అప్పుడు చేను ఖాళీగా ఉందని వాళ్ళని బద్ధకస్తులని ఎవరూ అనలేదే? లెక్క అర్థమైంది కాబట్టి అనలేదు. ధర పడిపోయినా చేను బీడే, ఖర్చు పెరిగిపోయినా చేను బీడే, రోడ్డు మీద బస్సులో పోయేవాడికి ఏది ఎందుకో తెలీదు. అపతీ అంటే ధర పడిపోవడం లాంటిది, పని చేస్తే వచ్చేది పెద్దగా ఏమీ అనిపించదు. అలసట అంటే పెట్టుబడి పెరిగిపోవడం, చేసే పనే కొండంత అనిపిస్తుంది.

ఈ లెక్క మెదడు నిజంగానే వేస్తుందట. 1990ల్లో అమెరికాలో శాలమోన్ అనే సైంటిస్టు ఎలకల మీద ఒక ప్రయోగం చేశాడు, ఒక వైపు తిండి ఎక్కువ, కానీ మధ్యలో అడ్డుగోడ ఎక్కి దూకాలి, రెండో వైపు తిండి తక్కువ, కష్టం లేదు. మామూలు ఎలకలు గోడ దూకుతాయి. మెదడులో ఒక చోట డోపమిన్ తగ్గించేస్తే దూకడం మానేసి కొంచెంతోనే సరిపెట్టుకుంటాయి. గోడ తీసేస్తే మాత్రం మళ్ళీ ఎక్కువ ఉన్న వైపే పోతాయి! అంటే తిండి మీద ఇష్టం చావలేదు, కష్టపడి తెచ్చుకోవాలనేదే పోయింది. నాకు వెంటనే పనసపొట్టు కూర గుర్తొచ్చింది. (నాన్నని ఎలకతో పోల్చానని అమ్మకి చెప్పకండి.)

ఇంకోటి చదివాక మాత్రం కాసేపు అలా ఉండిపోయా. ఆక్స్‌ఫర్డ్‌లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ మీద చేసిన పరిశోధన, 2018లో అచ్చయింది. స్క్రీన్ మీద యాపిల్ చెట్టు చూపిస్తారు, దాని మీద కొన్ని యాపిల్స్, అవి దక్కాలంటే చేతిలో ఉన్న పిడిని ఇంత గట్టిగా నొక్కాలి అని ఒక గీత. నొక్కుతావా, వద్దా? అపతీ ఉన్నవాళ్ళు ముఖ్యంగా తక్కువ యాపిల్స్ ఉన్నప్పుడే వద్దనేశారట, యాపిల్స్ బాగా ఉంటే మిగతావాళ్ళకి దగ్గరగానే ఒప్పుకున్నారు. డోపమిన్ మాత్రలు పనిచేసింది ఇంకో చోట, కష్టం ఎక్కువ లాభం కూడా ఎక్కువ అన్న వాటికి ఒప్పుకోవడం పెరిగింది.

ఇది చదివాక అమ్మ ఎప్పుడూ అనే ఇంకో మాట అర్థమైంది. "పెళ్ళంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని రావులపాలెం దాకా వస్తారు, పక్క సందులో పాల ప్యాకెట్టు తెమ్మంటే కదలరు, అంతా నాటకం" అంటుంది. నాటకం కాదమ్మా. పెళ్ళి పదిహేను యాపిల్సు, పాల ప్యాకెట్టు ఒక యాపిల్. రిటైరైన మనిషికి రోజంతా ఉండేవి ఒక యాపిల్ పనులేగా, మొక్కలకి నీళ్ళు, పేపర్లో గళ్ళ నుడికట్టు, కాలవ గట్టు దాకా నడక, వీధి అరుగు మీద కబుర్లు. పెద్ద పెద్దవి ఏడాదికి రెండు మూడు వస్తాయి. మిగతా రోజులన్నీ ఈ చిన్నవే, ఆయనకి పోయింది సరిగ్గా అవే.

అలసట సంగతికొస్తే దాంట్లోనూ రకాలున్నాయట, కాసేపు ఆగితే తగ్గేది ఒకటి, ఎన్నిసార్లు ఆగినా లోపల పోగవుతూ పోయేది ఇంకోటి. 2021లో వచ్చిన పరిశోధన ఇది. ఆ తర్వాతి ఏడాది పారిస్ పరిశోధకులు ఇంకోటి చెప్పారు, ఆరు గంటలు పైన కష్టమైన బుర్ర పని చేయిస్తే మెదడు ముందు భాగంలో గ్లుటమేట్ అనే రసాయనం పోగుపడుతోందని, అలాంటి వాళ్ళు సాయంత్రానికి సులువుగా వెంటనే వచ్చే లాభం వైపే మొగ్గుతున్నారని. నేను రాత్రి పదకొండుకి వంట మానేసి బిర్యానీ ఆర్డర్ పెట్టడానికి ఇంతకంటే గౌరవంగా ఉండే కారణం నాకింకోటి దొరకలేదు.

నాన్నకి రెండూ ఉన్నాయి, అసలు చిక్కంతా అదే. నేనేమో మొదటి రోజు హుషారుగా సాయంత్రం నాలుగున్నరకి "పదండి నాన్నా నడుద్దాం" అని లాక్కెళ్ళిపోయా, అపతీ అంటే తోస్తే చాలు కదా అని. ఆయన మాత్ర ఐదింటికి, అంటే సరిగ్గా పాత మాత్ర దిగిపోయే టైము అది. తూము దాకా కూడా వెళ్ళలేదు, కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి, తూము గట్టు మీద కూర్చుండిపోయారు, తెలిసిన ఆటో అబ్బాయి ఇంటికి చేర్చాడు. అది వద్దనడం కాదు, చేతకాకపోవడం, నేను తేడా చూసుకోలేదు. ఆ రాత్రి అమ్మ నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున్న మాత్ర పడిన ముప్పావుగంటకి అమ్మ "వస్తారా" అని అడగదు, అడిగితే వచ్చే జవాబు ఎలాగూ తెలుసు, చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టి తను గేటు దగ్గర నిలబడుతుంది. సగం రోజులు లేస్తారు. లేవని రోజున "కాళ్ళు బరువా, మనసు లేదా" అని అడుగుతుంది, బరువంటే వదిలేస్తుంది, మనసు లేదంటే ఇంకో రెండు నిమిషాలు అక్కడే నిలబడుతుంది. నుడికట్టు కూడా అంతే, పెన్ను మూత తీసి, మొదటి మాట తను తప్పు రాసి ఇస్తుంది. లెక్కల మాస్టారు కదా, తప్పు చూస్తే ఊరుకోలేరు.

నిన్న ఫోన్ చేస్తే ఏం చేస్తున్నారు అని అడిగా. "ఏముందిరా, మీ అమ్మకి అడ్డం ఏదో నిలువు ఏదో కూడా తెలీట్లేదు" అన్నారు.