బీపీ మానిటర్ మోగితే ముందు ఏం చూడాలె

ములుగు నుంచో, భూపాలపల్లి నుంచో పేషెంటును వరంగల్‌ తీసుకొచ్చిన రాత్రి మంచం పక్కనున్నోళ్లను బాగా భయపెట్టేది ఆ మానిటర్ మోతే. మోగిందంటే బీపీ పడిపోయిందనే అనుకుంటరు. కానీ కొన్ని మోతలు పేషెంటు గురించి, కొన్ని మిషన్ తన బాధ చెప్పుకునేవి.

ముందు మనిషిని చూడండి. పిలిస్తే పలుకుతున్నరా, ఒళ్లు చల్లబడి చెమట పడుతుందా? అట్లుంటే తెర సంగతి తర్వాత, వెంటనే సిస్టర్‌ను పిలవాలె. మనిషి బాగానే ఉంటే తెర చూడండి. అంకె మెరుస్తుంటే పెట్టిన హద్దు దాటిందని. అంకె బదులు గీతలుండి, కఫ్ (చేతికి కట్టిన పట్టీ) లూజ్ అనో, లీక్ అనో రాసి ఉంటే అసలు కొలతే పూర్తి కాలేదని.

ఈ మిషన్ స్టెతస్కోపు లెక్క చప్పుడు వినదు. పట్టీలో గాలి నింపి, మెల్లగా వదులుతూ, నాడి కొట్టినప్పుడల్లా గాలిలో వచ్చే అదురును పట్టుకుంటది. అదురు అన్నిటికంటే పెద్దగా ఉన్న చోటే సగటు పీడనం, అంటే మ్యాప్. పై అంకె, కింది అంకె ఆ అదురుల తీరును బట్టి లెక్కగట్టినవి. అందుకే వణుకున్నా, చెయ్యి కదిలినా, గుండె లయ తప్పినా కొలత చెడుతుంది. బ్రాకెట్‌లో ఉండే ఆ మ్యాప్‌ను తప్పక చూడండి. 120/80 ఉంటే అది దాదాపు 93. పెద్దవాళ్లలో 65 కంటే తగ్గితే ఆలస్యం చేయొద్దు.

తప్పుడు మోతలకు ఎక్కువగా కారణం పట్టీయే. లోపలి గాలి సంచి వెడల్పు రెట్ట చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలె. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తది. చెయ్యి గుండె ఎత్తుకు 10 సెంటీమీటర్లు కిందుంటే 7, 8 అంకెలు పెరుగుతయి, పైనుంటే అంతే తగ్గుతయి. గొట్టం మంచం రెయిలింగ్‌లో నలిగిందా చూడండి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు అదే చేతికి ఉంటే, పట్టీ బిగిసినప్పుడల్లా వేలికి రక్తం ఆగి ఆ అలారం కూడా కొడుతుంది. క్లిప్పు రెండో చేతికి మార్పించండి. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి మాత్రం పట్టీ కట్టనే వద్దు.

ఎప్పుడూ 170 ఉండే పెద్దాయనకు పై హద్దు 160 పెట్టి వదిలేస్తే రాత్రంతా మోత తప్పదు. విని విని వార్డులో చెవులు అలవాటు పడుతయి. అదే అసలు ప్రమాదం. సౌండ్ బంద్ చేయడం మందు కాదు, డాక్టర్‌ను అడిగి ఆ మనిషికి తగ్గ హద్దు పెట్టించాలె.

మోగకపోయినా ధీమా వద్దు. మిషన్ సెట్ చేసిన గడువుకే కొలుస్తది, మధ్యలో బీపీ పడినా దానికి తెలవదు. తెర మీద 118 కనిపిస్తే పక్కన టైమ్ చూడండి. అది అరగంట కిందటిదైతే, మళ్లీ కొలవమని సిస్టర్‌ను అడగండి.